రాజుగారు మింగిన తేగలు

అనగనగా తాటితోపుల నడుమ ఒక చిన్న రాజ్యం. దాన్ని తాళధ్వజుడనే రాజు ఏలేవాడు. మంచివాడే, కాకపోతే పరువంటే ప్రాణం.

ఆ వంశంలో ఒక ఆచారం ఉండేది. రాజు నోట్లో పెట్టుకున్నది మళ్ళీ బయటికి రాకూడదు. నలుగురిలో ఉమ్మడం రాచమర్యాద కాదట. మామిడిపండైతే టెంక తీసి ముక్కలు కోసి పెట్టేవారు, గొడవ లేదు. చిక్కంతా తేగలతోనే వచ్చింది.

ఏటా చలికాలంలో తేగల పండుగ. ఊరూరి జనం కాల్చిన తేగలు తెచ్చేవారు. మనమైతే నమిలి, తీపి మింగి, పీచు ఉమ్మేస్తాం. రాజుగారు ఉమ్మలేరు కదా, ఏటా ఒకటో రెండో తిని ఊరుకునేవారు. ఆ ఏడు మాత్రం ఎవరినీ నొప్పించలేక ప్రతి ఊరి తేగా పీచుతో సహా మింగారు.

మర్నాటికి కడుపు ఉబ్బిపోయింది. తిన్నది దిగదు, తాగింది నిలవదు. రాణి మందారవల్లి బెంబేలెత్తి రాజవైద్యుడు భైరవయ్యను పిలిపించింది.

ఏం తిన్నారని ఆయన అడిగాడు. పీచు మింగానని చెప్పడానికి సిగ్గుపడి, నెయ్యన్నం అన్నాడు రాజు. శొంఠి కషాయం ఇస్తే తగ్గలేదు. మళ్ళీ అడిగితే పాలూ పళ్ళూ అన్నాడు. వాము నీళ్ళు ఇస్తే నొప్పి రెట్టింపయింది.

మూడోసారి వైద్యుడు గట్టి విరేచనాల మందు నూరి తెచ్చి, గిన్నె చేత్తో పట్టుకుని ఆగాడు.

"ప్రభూ, లోపల ఏదైనా అడ్డుపడి ఉంటే ఈ మందు పేగును చీల్చేస్తుంది. ఏం మింగారో మీరే చెప్పాలి. ఇమ్మంటారా, వద్దంటారా?"

గదినిండా మంత్రులు, దాసీలు. రాజు సిగ్గుతో కళ్ళు మూసుకున్నాడు. రాణి ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"తేగలు తిన్నానయ్యా. పీచు కూడా మింగేశాను. ఉమ్మితే నవ్వుతారని."

ఎవరూ నవ్వలేదు. వైద్యుడు మందు పారబోశాడు. తిండి మాన్పించి, గోరువెచ్చని నీళ్ళు గుక్కగుక్కగా పట్టించాడు. పొట్టమీద కాపడం పెట్టి, ఆముదం రాసి మెల్లగా నిమిరాడు. ఒకరోజంతా మూలుగులే. రెండోరోజు పొట్ట గుడగుడలాడింది, ఆ చప్పుడుకే భైరవయ్య ముఖం వికసించింది. మూడోరోజు తెల్లారేసరికి పీచు ఉండ కాస్తా జారిపోయింది. అబ్బ, రాజు ఎంత హాయిగా ఊపిరి పీల్చుకున్నాడో. రాణి ఏడుస్తూనే నవ్వేసింది.

అప్పుడు ముసలి మంత్రి చిన్నగా దగ్గాడు. పండుగనాటి నుంచి తనకూ కడుపు బరువుగానే ఉందని, ప్రభువు మింగుతుంటే తాను ఉమ్మడం బాగుండదని మింగేశానని చెప్పుకున్నాడు. అందరికంటే ముందు రాజే పకపకా నవ్వాడు.

"వచ్చే పండుగకి మొదట నేనే ఉమ్ముతాను. మీరంతా నా వెనక కానివ్వండి," అన్నాడు.

కాబట్టి పిల్లలూ, వైద్యుడి దగ్గర పరువు చూసుకుంటే ఏ మందూ పనిచేయదు. ఉన్నదున్నట్టు చెప్పేస్తే సగం జబ్బు అక్కడే నయమవుతుంది.