నూకాలు పిల్లి నల్లది కాదు

ఒరేయ్ పండూ, పందెం కట్టు. ఈ కథ నువ్వు నమ్మవు. దమ్ముంటే నమ్మి చూపించు.

అమ్మమ్మకి గొంతు పోయింది, కషాయం తాగి పడుకుంది. అందుకే ఇవాళ ఆవిడ బదులు మీ అక్కని నేను టైప్ చేస్తున్నా. కథ అమ్మమ్మదే. మధ్యలో తిట్లు మాత్రం నావి. దుప్పటి కప్పుకుని చదువు. ఊరికే మెసేజ్‌లు పెట్టి విసిగించావంటే ఆపేస్తా.

అనగనగా ఒక ఊళ్ళో, ఉప్పుటేరు ఒడ్డున, నూకాలు అని ఒకావిడ ఉండేది. మొగుడు లేడు, పిల్లల్లేరు. రొయ్యలు ఒలిచే షెడ్డులో పని. పొద్దున్నే పడవలు రాగానే షెడ్డులో రొయ్యలు గుట్టలు పోస్తారు. ఆడవాళ్ళంతా చుట్టూ కూర్చుని తలలు తుంచి, పొట్టు తీసి ఐసులో వేస్తారు. రొయ్య తల మీద ముల్లుంటుంది తెల్సా? సూదిలా ఉంటుంది. సాయంత్రానికి వేళ్ళన్నీ చిల్లులే. రక్తం కారుతూ ఉంటుంది. నూకాలుకి ఒక్కదానికే కాదు, అందరికీ. అది గుర్తుపెట్టుకో.

నూకాలుకి ఒక పిల్లి ఉండేది. బూడిద రంగుది, ఒంటి మీద చారలు. సన్నగా పొడుగ్గా ఉంటుందని దానికి బొమ్మిడాయి అని పేరు పెట్టింది. అది చేప పేరురా, నవ్వకు. సాయంత్రం నూకాలు గుమ్మం మీద కూర్చోగానే బొమ్మిడాయి వచ్చి ఒళ్ళో ఎక్కి వేళ్ళు నాకేది. ఎందుకు నాకేది? రొయ్య వాసన కాబట్టి! రోజంతా రొయ్యలు ఒలిచిన చేతుల్ని పిల్లి నాకకపోతే ఇంకేం చేస్తుంది, దండం పెడుతుందా?

అప్పుడు ఒకరోజు ఊళ్ళోకి ఒక కథలాయన వచ్చాడు. వారపత్రికల్లో కథలు రాస్తాడు. సముద్రపు గాలి పీలిస్తే కథలు పుడతాయట ఆయనకి. సాయంత్రం షికారుకి పోతూ పోతూ నూకాలు గుమ్మం చూశాడు. పిల్లిని చూశాడు. రక్తం చూశాడు. ఆగి ఒక్క మాట అడగొచ్చుగా? "ఏమ్మా, చేతికేమైంది?" అంటే నోరు పడిపోతుందా? అడగలేదు. తిన్నగా గదికెళ్ళి కథ రాసేశాడు.

ఆ కథలో నూకాలు మంత్రగత్తె. పిల్లి నల్లది. రోజూ ఆవిడ వేలి రక్తం తాగి, ఆవిడ ఎవరి పేరు చెబితే వాళ్ళింటికెళ్ళి గుండెల మీద కూర్చుంటుంది. ఊరి పేరు మార్చాడు, ఏరు పేరు మార్చాడు, నూకాలు పేరు మాత్రం అలాగే ఉంచాడు.

అది వారపత్రికలో పడగానే ఊళ్ళో టీ బడ్డీ దగ్గర ఎవరో గట్టిగా చదివారు. అందరూ నోళ్ళు తెరుచుకుని విన్నారు.

ఆయన ఇంకా ఊళ్ళోనే మకాం. నూకాలు ఆయన్ని వెతుక్కుంటూ వెళ్ళింది. "బాబూ, నా పిల్లి నల్లది కాదు" అంది.

"అది మీ పిల్లి కాదమ్మా. కల్పన" అన్నాడాయన.

"మరి పేరు నాది పెట్టావేం?"

"పేరు బావుందమ్మా. ఎంత పల్లెటూరి పేరో!"

"చారలెందుకు తీసేశావు?"

"చారల పిల్లికి ఎవరు భయపడతారు చెప్పండి?" అని నవ్వి, బస్సెక్కి పోయాడు. ఆయన పోయాడు, కథ పోలేదు. ఊళ్ళోనే కూర్చుంది.

అప్పుడు ఊళ్ళో ఒక పసిదానికి జ్వరం వచ్చింది. వానాకాలం కదా, దోమలు కదా, జ్వరం రాదా? కానీ అందరూ నూకాలు ఇంటి వైపు చూశారు. నూకాలు మరిది సింహాచలం అని ఒకడున్నాడు. పెద్ద వీరుడు. "వదినా, ఆ పిల్లిని వదిలేద్దాం. ఊరు ఊరంతా నన్ను ఆడిపోసుకుంటోంది" అన్నాడు.

"పిల్లి నాది. నిన్నెవరు ఆడిపోసుకున్నారు?" అంది నూకాలు.

వాడు వింటాడా? ఆవిడ షెడ్డుకి వెళ్ళిన టైములో పిల్లిని గోనెసంచిలో వేశాడు. ఆ ఊళ్ళో ఒక లెక్క ఉంది. సంచిని గిరగిరా తిప్పి, ఏరు దాటించి వదిలితే పిల్లి దారి మర్చిపోతుందట, మళ్ళీ రాదట. వాడు తిప్పాడు, దాటించాడు, వదిలాడు. మర్నాడు పొద్దున్నే బొమ్మిడాయి గుమ్మంలో కూర్చుని ఒళ్ళు నాక్కుంటోంది.

ఎలా వచ్చిందో తెల్సా? వాడు వదిలింది అవతలి ఒడ్డున పడవల రేవులో! పొద్దున్నే చేపల పడవ ఇటు బయల్దేరింది, అది ఎక్కి కూర్చుంది. చేపల వాసన వస్తే పిల్లి విమానమైనా ఎక్కుతుంది. ఈ మాత్రం ఎవరికీ తట్టలేదు. "అమ్మో, ఏరు దాటొచ్చింది" అన్నారు.

సింహాచలం రెండోసారి తీసుకెళ్ళాడు. ఈసారి సంచి ఇంకా గట్టిగా తిప్పాడు, తిప్పి తిప్పి వాడికే కళ్ళు తిరిగి పడ్డాడట. మళ్ళీ అదే రేవు. మళ్ళీ అదే పడవ. మళ్ళీ అదే గుమ్మం. "కథలో రాసినట్టే ఉంది" అన్నారు ఊళ్ళోవాళ్ళు. కథలో అసలు పడవే లేదురా బాబూ!

షెడ్డులో ఆడవాళ్ళు నూకాలు పక్కన కూర్చోవడం మానేశారు. ఇన్నేళ్ళు పక్క పక్కన కూర్చుని, ఒకే తమలపాకు తుంచి తిన్న దానమ్మ కూడా పీట లాక్కుని దూరం జరిగింది. వాళ్ళ వేళ్ళకీ రక్తం కారుతోంది. చూసుకోరా? పుట్టినప్పట్నుంచి చూస్తున్నదే. రోజూ చూసేదాన్ని ఎవరు చూస్తారు? కథలో చదివినదాన్నే చూస్తారు.

ఆ తర్వాత పుస్తకాలాయన వచ్చాడు. ఈయన కథలు రాయడు. పెద్ద పెద్ద చదువులు చదివి, లావుపాటి పుస్తకాలు రాస్తాడు. వారపత్రికలో కథ చదివి, "ఇలాంటి నమ్మకం ఈ ఊళ్ళో నిజంగా ఉందా?" అని కనుక్కోవడానికి వచ్చాడు.

అందర్నీ అడిగాడు. నూకాలుని తప్ప అందర్నీ! ఆవిడ్ని అడిగితే పాపం సిగ్గుపడుతుందనుకున్నాడట. అప్పన్న తాతని అడిగాడు. తాత గడ్డం నిమురుకుని, టీ బడ్డీ దగ్గర విన్న కథంతా చెప్పాడు, తన ముత్తాత చెప్పినట్టు చెప్పాడు. అంత చదువుకున్నాయన ఎదురుగా కూర్చుని వింటుంటే "నాకు తెలీదు బాబూ" అనడానికి ఎవడికి మనసొప్పుతుంది? పుస్తకాలాయన అదంతా రాసుకున్నాడు.

అలా వచ్చిన పుస్తకంలో ఏముందో తెల్సా? అలాంటి పిల్లిని ఇంగ్లీషులో 'ఫెమిలియర్' అంటారట. మంత్రగత్తె పక్కనే ఉంటూ, ఆవిడ రక్తం తాగుతూ, ఆవిడ చెప్పిన పనులు చేసే జంతువట. ఈయన దానికి 'తోడు దయ్యం' అని తెలుగు పేరు పెట్టి, ఇది ఈ తీరంలో తరతరాల నమ్మకం అని రాశాడు. తరతరాలా! ఆ కథ అచ్చై ఇంకా రెండు వానాకాలాలు పోలేదు!

ఇంకోటి విను. ఎక్కడో చలిదేశంలో పూర్వం ఒంటరి ఆడవాళ్ళని పట్టుకుని, "నీకు పిల్లి ఉంది, నువ్వు మంత్రగత్తెవి" అని ఉరి తీసేవాళ్ళట. అది కూడా ఆయనే రాశాడు, అదే పుస్తకంలో, పక్క పేజీలోనే! రాసి, ఆ పేజీ తిప్పి, నూకాలు పేరు రాశాడు.  నాకు టైప్ చేస్తుంటేనే ఒళ్ళు మండుతోంది.

అప్పుడు షెడ్డు ఓనరు వీర్రాజు నూకాలుని పిలిచాడు. "ఇంతకుముందంటే కథ అనుకున్నాం. ఇప్పుడు ప్రొఫెసరుగారే రాశారు. పిల్లైనా ఉండాలి, నీ పనైనా ఉండాలి. నువ్వే తేల్చుకో" అన్నాడు.

"పిల్లిని వదల్ను. పనీ వదల్ను" అంది నూకాలు.

"అయితే మేమే తేలుస్తాం" అన్నాడు.

మర్నాడు సింహాచలం, ఇంకో ఇద్దరు కలిసి వచ్చారు. ఈసారి సంచి తిప్పలేదు. సంచిలో పిల్లితో పాటు ఒక రాయి వేశారు. మూతి కట్టారు. నూకాలు వెంటపడి సింహాచలం చొక్కా చింపేసింది, చెయ్యి కొరికేసింది. వాళ్ళు ముగ్గురు, ఈవిడ ఒక్కతి. ఆవిడ కళ్ళ ముందే సంచిని ఏట్లోకి విసిరేశారు.

ఆగు ఆగు, ఏడవకు. చెప్తున్నాగా.

వాళ్ళు వీరులేగానీ తెలివితక్కువ వీరులు. విసిరింది ఆటు మీద. నీళ్ళు వెనక్కి లాగేసి ఏరంతా మోకాలి లోతు బురద. సంచి మునగలేదు, బురదలో కూరుకుపోయింది. అప్పుడు దానమ్మ అటు పీతల కోసం వచ్చింది. బురదలో సంచి కదుల్తోంది. లోపల్నుంచి మ్యావ్ మ్యావ్ అని ఏడుపు.

దానమ్మకి భయమేసింది. వెనక్కి తిరిగింది. రెండడుగులు వేసింది. మళ్ళీ ఏడుపు. నిలబడి ఆలోచించింది. తర్వాత గట్టిగా, తనలో తనే అంది, "ఒసేయ్, దయ్యానివైతే ఇంత చిన్న గోనె చింపుకోలేవా?"

అంతే. ఆ ఒక్క ప్రశ్న ఊరు మొత్తంలో ఎవడికీ రాలేదు. పుస్తకాలాయనకీ రాలేదు.

దానమ్మ పీతల కత్తితో సంచి కోసింది. బొమ్మిడాయి బయటికి వచ్చింది. రాయి పడి వెనక కాలు నలిగిపోయింది. దానమ్మ దాన్ని కొంగులో చుట్టుకుని, బురద కాళ్ళతో నూకాలు ఇంటికెళ్ళింది. గుమ్మంలో కూర్చుని భోరుమంది. నూకాలు పిల్లిని అందుకుని, పసుపు నూరి కాలికి కట్టు కట్టింది. తర్వాత దానమ్మ పక్కన కూర్చుని, "పీట ఎందుకు జరిపావే?" అని మాత్రం అడిగింది. 

మర్నాడు పడవలు వచ్చాయి. రొయ్యలు గుట్టలు పోశారు. ఒలవడానికి ఒక్కత్తీ రాలేదు. దానమ్మ ఇంటింటికీ తిరిగి అందర్నీ ఆపేసింది. ఎవరైనా నసిగితే, "నీ వేలు చూపించవే. నీకేది మంత్రం? నువ్వెవరికి రక్తం పోస్తున్నావు?" అని గదమాయించింది. అందరూ వెళ్ళి నూకాలు గుమ్మం ముందు కూర్చున్నారు.

ఎండ ఎక్కింది. ఐసు కరుగుతోంది. రొయ్యల తలలు నల్లబడుతున్నాయి. వీర్రాజు పరిగెత్తుకొచ్చాడు.

"నూకాలమ్మా, రా. పనిలోకి రా" అన్నాడు.

"పిల్లో?" అంది దానమ్మ.

"సరే, అదీ రానీ."

"రానీ కాదు. పిలువు. పేరెట్టి పిలువు."

వీర్రాజు అటు చూశాడు, ఇటు చూశాడు. వెనకాల ఐసు నీళ్ళు కాలవ కట్టేశాయి. "బొమ్మిడాయీ... రామ్మా..." అన్నాడు. ఆడవాళ్ళంతా పడీ పడీ నవ్వారు. పిల్లి మాత్రం రాలేదు. నిద్రపోతోంది.

అలా నూకాలుకి పని ఉంది, పిల్లి ఉంది. ఆ తర్వాత పీట జరిపినవాళ్ళు ఎవరూ లేరు. సింహాచలం మాత్రం ఆ వీధిలోకి రావడం మానేశాడు. వస్తే చెయ్యి మళ్ళీ కొరుకుతుందని.

సుఖాంతం అనుకుంటున్నావా? చెప్పుచ్చుకు కొట్టాలనిపించేది ఇప్పుడొస్తుంది.

పుస్తకాలాయన మళ్ళీ వచ్చాడు. పుస్తకం బాగా పేరు తెచ్చిందట, మళ్ళీ అచ్చు వేస్తారట. ఈసారి తిన్నగా నూకాలు ఇంటికే వచ్చాడు. నేల మీద కూర్చున్నాడు. "అమ్మా, అప్పుడు మిమ్మల్ని అడగలేదు. తప్పే. ఇప్పుడు మీరేం చెబితే అదే రాస్తాను. ఈ పిల్లికీ మీకూ ఉన్న బంధం ఏమిటి?" అన్నాడు. కలం పట్టుకుని, కళ్ళు పెద్దవి చేసుకుని కూర్చున్నాడు.

నూకాలు పిల్లి వైపు చూసింది. అది కుంటుకుంటూ వచ్చి ఒళ్ళో పడుకుంది.

"ఇది నా పిల్లి" అంది నూకాలు.

ఆయన రాసుకున్నాడు. ఇంకా చెబుతుందని చూశాడు. ఆవిడ పిల్లి చెవులు గోకుతోంది.

"అంతేనా?" అన్నాడు.

"అంతే."

ఆయన మొహం చిన్నబోయింది. కలానికి మూత పెట్టి లేచిపోయాడు. మళ్ళీ అచ్చైన పుస్తకంలో ఒక్క అక్షరం కూడా మారలేదు. పిల్లి ఇంకా దయ్యమే. నూకాలు ఇంకా మంత్రగత్తే. ఇంకోడెవడో ఆ పుస్తకం చూసి ఇంకో పుస్తకం రాసే ఉంటాడు.

ఏంటీ? ఏం పెట్టావురా మెసేజ్? "అంతేనా అక్కా, పిల్లికి నిజంగా ఏ శక్తీ లేదా"?

ఒరేయ్! ఇంతసేపు గుడ్డివాడి ముందు దీపం పెట్టానా నేను? నువ్వూ అదే అడుగుతున్నావా? లేదురా. ఏ శక్తీ లేదు. పిల్లి. ఉత్త పిల్లి. ఉత్త పిల్లయితే నీళ్ళలో పారేయొచ్చా? దయ్యం అయితేనే కథా? ఇప్పుడు నేను నీ దగ్గరికి వచ్చానంటే నిన్ను ఆ గోనెలో

అబ్బా, అమ్మ అరుస్తోంది, ఫోన్ లాక్కుంటుందట. కథ కంచికి, నువ్వు మంచానికి, నేను తిట్లకి. పో