కోతి లెక్క, తాటి దుంగ

రండర్రా, దగ్గరికి జరిగి కూర్చోండి. పోట్లాటలు తర్వాత.

అనగనగా ఒక అడవిలో, వాగు ఒడ్డున ఒక బడి. పంతులమ్మ ఎలుగుబంటి. లెక్కలు చెప్పడానికి ఆమె దగ్గర ఒక ట్యాబ్ ఉండేది. "ముందు కంటితో చూసి అంచనా చెప్పండి. తర్వాతే మీట నొక్కండి," అనేది రోజూ.

కోతి గెంతయ్యకు అంచనాలంటే చిరాకు. మీటలంటే సరదా.

ఒకరోజు కొండ మీద వాన పడి వాగు పొంగసాగింది. కుందేలు పిల్లల ఇళ్ళేమో అవతలి గట్టున. నీళ్ళు గట్టెక్కేలోగా దాటాలి. ఒడ్డున ఒకే ఒక తాటి దుంగ పడి ఉంది. దాని పొడవు పద్దెనిమిది మూరలు.

"వాగు వెడల్పు పన్నెండు మూరలు. అటూ ఇటూ గట్టు మీద రెండేసి మూరలు ఆనాలి. ఎంత దుంగ కావాలో చూడండి. నేను తీగలు తెస్తా," అని పంతులమ్మ వెళ్ళింది.

గెంతయ్య టకటకా నొక్కాడు. కూడికకు బదులు తీసివేత నొక్కాడు. తెర మీద ఎనిమిది కనిపించింది.

"ఎనిమిది మూరలట. కొరుకు సూదన్నా," అన్నాడు ముళ్ళపందితో.

"ఒరే, వాగే పన్నెండు కదరా?" అన్నాడు సూదన్న.

"ట్యాబ్ కంటే నీకెక్కువ తెలుసా?"

"ఉన్న దుంగ ఉన్నట్టే వేస్తే పోలా?" అంది అక్కడే ఉన్న ముసలి తాబేలు.

"చదువుకోనివాళ్ళు అలాగే వేస్తారవ్వా."

"మా అమ్మ పిలుస్తోంది," అంది చిన్న కుందేలు బిక్కమొహంతో.

ఇంకేం, సూదన్న కొరికేశాడు. అందరూ కలిసి ముక్కను వాగు మీదికి తోశారు. ఒక కొస గట్టున ఆనింది. రెండో కొస బుడుంగున మునిగింది.

పంతులమ్మ వచ్చి చూసింది. "ఎవరు కొరికించారు?"

"ట్యాబ్ అండీ," అన్నాడు గెంతయ్య.

"ట్యాబ్‌కు నోరుందట్రా? ఇప్పుడేం చేద్దామో నువ్వే చెప్పు. వాగు వైపు చూసి చెప్పు."

గెంతయ్య అప్పుడు చూశాడు వాగును. తల గోక్కున్నాడు. "పది మూరల ముక్క, ఎనిమిది మూరల ముక్క ఉన్నాయండీ. రెండు మూరల మేర ఒకదాని మీద ఒకటి ఎక్కించి కట్టేస్తే, పదహారు వస్తుంది."

"ఇప్పుడు నొక్కు."

తెర మీద పదహారు కనిపించింది. మునిగిన ముక్కను బయటికి లాగి, రెండూ తీగలతో బిగించి వాగు మీద వేశారు.

"లెక్క నీది. ముందు నువ్వే నడువు," అంది పంతులమ్మ.

"ఇంకొక్కసారి కూడి చూసుకుంటానండీ," అని గెంతయ్య చేతివేళ్ళూ కాలివేళ్ళూ లెక్కపెట్టుకున్నాడు. తర్వాత కదిలాడు. నడుమ అతుకు కాస్త కుంగి నడుం దాకా తడిశాడు గానీ, దుంగ నిలిచింది. కుందేలు పిల్లలు అతని వెనకే గట్టెక్కాయి.

"అదేం బాబూ, అలా తడిశావు?" అంది తల్లి కుందేలు.

"లెక్క చేశానత్తా," అన్నాడు గెంతయ్య.

నీతి: యంత్రం మనం అడిగినదానికే జవాబిస్తుంది. సరిగ్గా అడిగామో లేదో చూసుకోవలసింది మనమే.

ఇక లేవండి. ఇళ్ళల్లో అన్నాలు చల్లారిపోతుంటాయి. వెళ్ళి తినండి.