గాడిద మీద నక్క వేసిన దావా

నల్లకొండ అడవికి వరసగా మూడేళ్ళు వానలు ముఖం చాటేశాయి. కాస్తో కూస్తో దాచుకున్నవాళ్ళు తిన్నారు, లేనివాళ్ళు నక్క పేరయ్య దగ్గర అప్పు చేశారు. గాడిద ఓబులమ్మ కూడా తన చేన్లో చల్లుకుందామని పది బస్తాల ఉలవలు అప్పు తెచ్చింది. విత్తనం మొలవలేదు. వడ్డీ మాత్రం ఏపుగా పెరిగింది.

చివరికి ఓబులమ్మ జడ్జి ఏనుగు ముందు ఐపీ పెట్టింది. ఆ అడవిలో ఒక పద్ధతి ఉంది. ఉన్నదంతా దాచకుండా చూపించి చేతులెత్తేసినవాళ్ళ అప్పు కోర్టు కొట్టేస్తుంది. అబద్ధమాడి తెచ్చిన అప్పయితే మాత్రం కొట్టెయ్యదు, తీరేదాకా అప్పిచ్చినవాడి ఇంట మూటలు మొయ్యాల్సిందే.

పేరయ్యకు ఆ సందు చాలు. వాగు పక్కన నాలుగెకరాల మాగాణి ఉందని బొంకి నా ఉలవలు కాజేసిందని అభ్యంతరం దాఖలు చేశాడు. బొంకు గురించి పేరయ్య మాట్లాడటమే ఒక వింత. పైగా గంపెడు జామపళ్ళు ఫీజు పోసి ప్లీడరు చిలకను పెట్టుకున్నాడు.

ఓబులమ్మ దగ్గర ఫీజుకు తోక తప్ప ఏమీ మిగల్లేదు. తన కేసు తనే వాదించుకుంటానంది. అడవంతా విరగబడి నవ్వింది. అది నోరు విప్పితే జడ్జి చెవులు మూసుకుంటాడని పందేలు కూడా కాసుకున్నారు, పనిలేని వెధవలు. పొరుగింటి ఎద్దు రామన్న ఒక్కడే నవ్వలేదు.

"ఓబులక్కా, అక్కడ నీ కష్టాలు ఏకరువు పెట్టకు. నింద వేసినవాడే రుజువు చెయ్యాలి. నువ్వు అడగాల్సింది అడిగి ఊరుకో," అన్నాడు.

వాయిదా రోజున చిలక గంటసేపు వాగింది. అందులో సగం చెప్పిందే చెప్పడం, మిగతా సగం అబద్ధం. గాడిదకేం తెలుసు గంధం పొడి వాసన అని అందరినీ నవ్వించి మరీ కూర్చుంది. ఓబులమ్మకు కడుపు మండింది, ఏడుపూ వచ్చింది. ఓడిపోతే చచ్చేదాకా ఆ నక్క గడపలో చాకిరీ చెయ్యాలి. ఏడుపు దిగమింగి, పేరయ్యను బోనెక్కించమంది.

"షావుకారుగారూ, ఎన్నేళ్ళుగా అప్పులిస్తున్నారు?"

"ముప్పై ఏళ్ళుగా."

"ఇన్నేళ్ళలో మిమ్మల్ని ఎవరైనా మోసం చేశారా?"

"నన్ను మోసం చేసేవాడు ఇంకా పుట్టలేదు."

చిలక కంగారుగా రెక్కలు కొట్టుకుంది. పేరయ్య అటు చూస్తేనా, మీసం దువ్వుకుంటున్నాడు.

"మరి నేను చేశానంటున్నారు కదండీ. గాడిద చేతిలో నక్క మోసపోయింది, అంతేగా మీ దావా? అవునంటే నేనేమీ అనను. అదే రాయించండి."

వెనక నుంచి కుందేలు కిసుక్కున నవ్వింది. దాన్ని చూసి కోతులూ, కోతుల్ని చూసి అడవంతా నవ్వింది. గాడిదే బుట్టలో వేస్తే మనకెంత పని అని రేపటినుంచి అప్పు ఎగ్గొట్టాలనుకునే ప్రతివాడూ తన గడప తొక్కుతాడని పేరయ్యకు ఒళ్ళు మండిపోయింది.

"నోర్ముయ్. నువ్వా నన్ను మోసం చేసేది? అప్పివ్వకముందే నీ చేను నాలుగు మూలలా తిరిగొచ్చాను. మాగాణి లేదు, మట్టీ లేదు, అన్నీ గులకరాళ్ళే. గింజ మొలవదని నాకు ఆ రోజే తెలుసు."

"తెలిసీ ఎందుకిచ్చారు?"

"నీ వీపు కోసం. జీతం బత్తెం లేకుండా జన్మంతా మోస్తావని."

చిలక ఎగిరొచ్చి వాడి నోరు మూసేలోపే మాట బయట పడింది. ఏనుగు నిదానంగా తొండం ఎత్తాడు. చూసి, తెలిసి ఇచ్చినవాడు మోసపోయినట్టు కాదన్నాడు. అభ్యంతరం కొట్టేశాడు, అప్పూ కొట్టేశాడు.

పేరయ్య బోను దిగి చిలక మీద పడ్డాడు, జామపళ్ళు వెనక్కిమ్మని. అవెప్పుడో అరిగిపోయాయంది చిలక. ఓబులమ్మ ఆ రభస వినడానికి ఆగలేదు, బరువు లేని వీపుతో తన దారిన ఇంటికి పోయింది.

గొప్పలు మానుకోలేనివాడు మోసపోయానని కోర్టుకెక్కకూడదు.