కొర్రమ్మ మూసేసిన వెనక దారి

అనగనగా ఒక అడవిలో, ఎర్రమట్టి గుట్ట కింద ఒక బొరియ. అందులో జొన్నయ్య, కొర్రమ్మ అనే ముళ్లపందుల జంట ఉండేది. వాళ్లకు పిల్లలు లేరు.

వాగు దగ్గర తల్లి లేని కుందేలుపిల్ల ఒకటి ఉంది. దాన్ని తాబేలు అవ్వ సాకుతోంది. ఆ పిల్లను పెంచుకుంటామని ఇద్దరూ అవ్వను అడిగారు. ఇల్లు చూడనిదే అవ్వ ఎవరికీ పిల్లను ఇవ్వదు. "రేపు పొద్దెక్కాక మీ ఇల్లు చూడ్డానికి వస్తా" అని కబురు పంపింది.

అంతే! ఇద్దరి గుండెల్లో రాయి పడింది.

"ఏమయ్యా, ఇంట్లో ఈ ఎముకలు చూస్తే మనం ఎవర్నో చంపి తిన్నామనుకోదూ?" అంది కొర్రమ్మ.

ముళ్లపందులు పళ్లు అరగదీసుకోవడానికి ఎండిన ఎముకలు కొరుకుతాయర్రా. అడవిలో దొరికినవే తెచ్చుకుంటాయి. ఆ మాట అవ్వకు చెబితే సరిపోయేది. కానీ భయం పట్టినవాళ్లకు చిన్న మాట కూడా నోట రాదు.

"మరి మన ముళ్లో? పిల్లకు గుచ్చుకుంటాయంటుంది" అన్నాడు జొన్నయ్య.

"పారిపోవడానికి మనం తవ్వుకున్న ఆ వెనక దారి చూస్తే ఇంకేమైనా ఉందా! పాములొస్తాయనే కదా తవ్వారు అంటుంది. ఇక పిల్లను ఇచ్చినట్టే!" అంది కొర్రమ్మ.

మాస్టారు ఇంటికొస్తున్నారంటే మీరు చిరిగిన పుస్తకాలు మంచం కిందికి తోస్తారే, వాళ్లూ అదే చేశారు. ఎముకలన్నీ వెనక దారిలో కుక్కారు. పైన తడిమట్టి మెత్తారు. మిగిలిన బురద ఒకరి వీపుకు ఒకరు పూసి ముళ్లు అణిచేశారు. తెల్లారేసరికి ఆ బురద గట్టిగా ఎండిపోయింది.

అవ్వ వచ్చింది. మెల్లగా లోపలికి నడిచింది.

"పిల్ల ఎక్కడ పడుకుంటుంది?"

"ఈ మెత్తటి గడ్డి మీద, అవ్వా."

"ఏం తింటుంది?"

"లేత గరిక తెచ్చి పెడతాం, అవ్వా."

"ఆపదొస్తే ఎటు పోతుంది?"

జొన్నయ్య జరిగి వెనక గోడకు అడ్డంగా నిలబడ్డాడు. "మా ఇంటికి ఆపదే రాదవ్వా" అన్నాడు.

ఆ మాట అంటుండగానే బొరియలో వెలుతురు పోయింది. గుమ్మంలో కొండచిలువ తల!

జొన్నయ్య గిర్రున తిరిగి వీపు చూపించాడు. ముళ్లు లేవలేదు. బురద పట్టేసింది. పాము బుస్సుమంటూ ఇంకొంచెం లోపలికి వచ్చింది. కొర్రమ్మ వెనక గోడ మీద పడింది.

"ఇక్కడ దారి ఉందవ్వా! మేమే మూసేశాం!" అని ఏడుస్తూ తవ్వింది. మట్టి రాలింది. ఎముకలు ఒక్కొక్కటే అవ్వ కాళ్ల ముందు పడ్డాయి. జొన్నయ్య వీపును బండరాయికేసి రుద్దాడు. బురద పెచ్చులూడి కొన్ని ముళ్లు లేచాయి. రెండు ముళ్లు పాము మూతికి గుచ్చుకున్నాయి. అది వెనక్కి జరిగింది. ఆ కాస్త సందులో ముగ్గురూ వెనక దారిన బయటపడ్డారు.

కొర్రమ్మ తల ఎత్తలేకపోయింది. "ఇక పిల్లను ఇవ్వవు కదా అవ్వా?"

"ఈ రోజు ఇవ్వను" అంది అవ్వ. "ఎముకలకు నేను భయపడలేదు. ముళ్లకూ భయపడలేదు. పిల్ల తప్పించుకునే దారి మూసేశారే, దానికి భయపడ్డా. మళ్లీ వస్తా. చెప్పి మాత్రం రాను."

ఆ నెలంతా ఇద్దరికీ కంటి మీద కునుకు లేదు. రాదేమో అనుకున్నారు. ఒక ఉదయం అవ్వ వచ్చింది. వెనకే కుందేలుపిల్ల!

కొర్రమ్మ ముందుగా వెనక దారి దగ్గరికే తీసుకెళ్లింది. "మాకు పాములంటే చాలా భయం అవ్వా. అందుకే ఇది తవ్వుకున్నాం" అంది.

అవ్వ పిల్ల వైపు చూసింది. పిల్ల గుమ్మంలో దూరి వెనక నుంచి వచ్చింది. ఇంకోసారి దూరి వచ్చింది. మూడోసారి దూరింది. రాలేదు.

జొన్నయ్యకు ప్రాణం పోయినంత పనయింది. వంగి లోపలికి చూశాడు. పిల్ల గడ్డి మీద చెవులు వాల్చి నిద్రపోతోంది.

"ఇంక నేనెందుకిక్కడ?" అని అవ్వ వాగు వైపు నడిచింది.

నీతి: భయపడటం తప్పు కాదు. ఆ భయాన్ని దాచడానికి బిడ్డను కాపాడే దారినే మూసేయడం తప్పు.