వెనక మనిషి

ఒక రాజు, తన పల్లకీ మోసి ముసలివాళ్లైన ఎనిమిది మంది బోయీల కోసం ఊరి చివర ఒక ఇల్లు కట్టించాడు. ఎనిమిది గదులు, ఎనిమిది మంచాలు. ప్రతి గదికీ ఒక తలుపు, ఒక కిటికీ. గోడలకు ఏటా సున్నం వేసేవారు. రాజు మంచివాడు. ఇల్లు కూడా మంచిదే.

ఆ బోయీలకు ఒక కట్టుబాటు ఉంది. పల్లకీ కింద ఉన్నవాడు తన భుజం నొస్తోందని తాను చెప్పకూడదు. ఆ మాట అతని వెనక మనిషి చెప్పాలి. అందరికంటే ముందున్నవాడు దారి చూస్తాడు, రాయి ఉంటే రాయి అంటాడు, గుంట ఉంటే గుంట అంటాడు. మిగిలినవాళ్లలో ప్రతివాడూ తన ముందున్నవాడి భుజం చూస్తుంటాడు. అది కమిలినట్టు కనబడితే, "బావకు భుజం మార్చండి" అని కేక వేస్తాడు. పల్లకీలో ఎంత పెద్దమనిషి ఉన్నా ఆ కేకకు పల్లకీ ఆగేది. తన నొప్పి తానే చెప్పుకున్నవాడిని మాత్రం మర్నాడు జట్టులోకి రానిచ్చేవారు కాదు.

నలభై ఏళ్లు అలా బతికినవాళ్లను తలా ఒక గదిలో పెట్టారు.

మొదట్లో వాళ్లు గోడల మీదుగా ఒకరినొకరు కేకేసుకునేవారు. వాళ్లను చూసుకోవడానికి రాజు పెట్టిన పరిచారకుడికి అది గోలగా అనిపించింది. "ముసలివాళ్లకు విశ్రాంతి కావాలి" అని తలుపులు మూయించాడు. ఆ మాటలో తప్పు పట్టేందుకు ఎవరికీ ఏమీ కనబడలేదు.

నెలకొకసారి, పున్నమి నాటి ఉదయం, రాజోద్యోగి అయిన ఒక అధికారి తనిఖీకి వచ్చేవాడు. గది గదికీ వెళ్లి, "ఒంట్లో ఎలా ఉంది? ఏమన్నా లోటుందా?" అని అడిగేవాడు. "ఏం లేదయ్యా, బాగానే ఉంది" అని ఎనిమిది మందీ చెప్పేవారు. ఆ మాట రాసుకుని వెళ్లిపోయేవాడు. ఆరేళ్లలో ఒక్క లోటు కూడా రాయవలసిన అవసరం రాలేదు. అందుకు అతను సంతోషించేవాడు. సంతోషించే ముందు అనుమానించి ఉండవలసింది.

రాజు ఇంకొక నియమం కూడా పెట్టాడు. మంచాన పడ్డవాళ్ల పక్కలు ఎప్పుడూ పొడిగా ఉండాలి. పొడిగా ఉంచిన పరిచారకుడికి ఏడాది చివర శాలువా కప్పుతారు.

పరిచారకుడు మొదటి రెండేళ్లు నిజంగానే కష్టపడ్డాడు. రోజుకు రెండుసార్లు దుప్పట్లు మార్చాడు. నడుము పట్టేసింది, శాలువా రాలేదు. మూడో ఏడు వేసవిలో అతనికి ఒక ఆలోచన తట్టింది. లోపలికి పోయిన నీళ్లే కదా బయటికి వచ్చేది. ముసలివాళ్లకు చెంబెడు ఇచ్చేచోట సగం చెంబు ఇచ్చాడు. తర్వాత మధ్యాహ్నం దాటితే ఇవ్వడం మానేశాడు. పక్కలు పొడిగా ఉన్నాయి. శాలువా వచ్చింది. ఆ రోజు నుంచి అతనికి తాను చేసేది తప్పని తోచే దారి మూసుకుపోయింది.

మొదటి గదిలో ఉన్నది పల్లకీకి అందరికంటే ముందు నడిచిన బోయీ. అతనికి కాళ్లు పడిపోయాయి. ఒక రోజు దాహానికి ఆగలేక, పాకుతూ వెళ్లి కుండ దొర్లించాడు. పరిచారకుడు అతని కుడి చెయ్యి గుడ్డపేలికతో మంచం కోడుకు కట్టేశాడు.

"పడిపోతావు తాతా. నీ మంచికే."

నీ మంచికే అన్న మాట తరచుగా వినబడే ఇంట్లో, మంచి ఎవరికి జరుగుతోందో ఒకసారి చూడాలి.

ఆ ఇంటి బట్టలు ఉతికే ఆమె మూడు రోజులకొకసారి గాడిదతో వచ్చేది. ఏ దుప్పటి ఎవరిదో ఆమెకు చూడకుండానే తెలుసు. ఒక వేసవిలో, మొదటి గది దుప్పటి వరసగా మూడు విడతలు పొడిగా వచ్చింది. తొమ్మిది రోజులు. మూడో విడత దుప్పటి మధ్యలో అరచేయంత గోధుమరంగు మరక ఉంది. అక్కడ గుడ్డ గంజి పెట్టినట్టు బిరుసుగా ఉంది. దుప్పటితోపాటు ఒక పేలిక కూడా వచ్చింది. దాని ముడి దగ్గర రక్తం ఎండి ఉంది.

ఆమె పరిచారకుణ్ని పెరట్లో పట్టుకుంది.

"మొదటి గది మావకు నీళ్లిస్తున్నావా?"

"ఇవ్వకపోతే బతుకుతాడా?"

"నేనూ అదే అడుగుతున్నా."

"నీకు పని తగ్గించినందుకు నన్ను దీవించాలి నువ్వు. ముందు రెండు గాడిదల మూట అయ్యేది. ఇప్పుడు ఒక గాడిదతో సరిపోతోంది."

"ఆ ఒక్క గాడిదా రోజుకు రెండు కుండల నీళ్లు తాగుతుందయ్యా. దాన్ని నీ చేతికి ఇస్తే అది చచ్చి, ఈపాటికి మూట నేను మోసేదాన్ని."

అతను నవ్వి లోపలికి వెళ్లిపోయాడు. ఆమె మొదటి గది కిటికీ దగ్గరికి వెళ్లింది. ముసలి బోయీ పెదవులు పగిలి, ఎండిన చెరువు మట్టిలా ఉన్నాయి.

"మావా, నీళ్లు తాగావా?"

"బాగానే ఉందమ్మా."

"చెయ్యెందుకు కట్టాడు?"

"బాగానే ఉంది."

"నువ్వు ఇంక రెండు రోజులు కూడా ఉండవు మావా. నా కంటికి కనబడుతోంది."

అతను కళ్లు మూసుకున్నాడు. తన గురించి ఏం అడిగినా అతని దగ్గర ఉన్నది ఆ ఒక్క జవాబే.

ఆమె తన కొంగు తడిపి, ఉతికే కర్రకు చుట్టి, ఊచల మధ్య నుంచి లోపలికి చాచింది. కర్ర అతని నోటిదాకా అందింది. అతను గుడ్డను పసిబిడ్డలా చప్పరించాడు. ఆమె అప్పుడే ఊళ్లోకి వెళ్లి అందరికీ చెప్పవలసింది. కానీ ఆ ఇంటి పని పోతుందని భయపడింది. మర్నాడు పున్నమి, అధికారి ఎలాగూ వస్తాడులే అనుకుని ఇంటికి పోయింది. ఆ ఒక్క పూటకు ఆమె తర్వాత చాలా ఏళ్లు సిగ్గుపడింది. సిగ్గుపడటం న్యాయమే.

మర్నాడు అధికారి వచ్చేసరికి ఆమె దుప్పటి పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"పొడిగానే ఉందే. ఇందులో తప్పేముంది?" అన్నాడు అధికారి.

"తొమ్మిది రోజుల పొడి అయ్యా. బతికున్న మనిషి పక్క, అందులో మంచాన పడ్డ మనిషి పక్క, తొమ్మిది రోజులు పొడిగా ఉండదు."

"పోయిన నెల ఆయన్నే అడిగాను. బాగుందన్నాడు. ఆయన సంగతి ఆయనకంటే నీకెక్కువ తెలుసా?"

"ఆయన్ని ఆయన గురించి అడిగారు. బోయీని అలా అడిగితే చచ్చేదాకా బాగుందనే చెబుతాడు. వెనక మనిషిని అడగాలి."

"వెనక మనిషి ఎక్కడున్నాడు?"

"రెండో గదిలో. మధ్యన తమరు సున్నం వేయించిన గోడ ఉంది."

అధికారికి కోపం వచ్చింది. అయినా రెండో గదికి వెళ్లాడు. "మొదటి గదిలో ఆయన ఎలా ఉన్నాడు?" అని అడిగాడు.

ఆ ముసలివాడు గోడ వైపు తిరిగాడు.

"తలుపులు మూసిన నాటి నుంచి చూడలేదు. బావ ఉన్నాడా అయ్యా ఇంకా?"

అధికారి బయటికి వచ్చి, ఎనిమిది మందినీ వాకిట్లోకి తెమ్మన్నాడు. పరిచారకుడు అడ్డం వచ్చాడు.

"ఎండ తగులుతుందయ్యా. ముసలివాళ్లు."

"పొద్దుటి ఎండే. తీసుకురా."

వాళ్లను చాపల మీద, పల్లకీ కింద నడిచిన వరసలోనే, ఒకరి వెనక ఒకరిని కూర్చోబెట్టారు.  నాలుగోవాడు మూడోవాడి తల తడిమాడు.

"బావా, ఉన్న నాలుగు వెంట్రుకలు ఎవరికిచ్చావు?"

"నీ చెల్లెలికిచ్చాను. నీ కళ్లు ఇంకా పోలేదా?"

రెండోవాడు నవ్వలేదు. అతను ముందువాడి ఒంటి మీది గుడ్డ తీసి చూస్తున్నాడు. చూసి, నలభై ఏళ్లు దారుల మీద అరిచిన గొంతుతోనే అరిచాడు.

"బావకు భుజం మార్చండి."

తర్వాత మామూలుగా చెప్పాడు. "వీపు కింద పుండుంది. ఎముక తెల్లగా కనబడుతోంది. చర్మం పట్టి లాగితే వెనక్కి పోవడం లేదు. ముందు నీళ్లు పట్టండి. మిగతాది తర్వాత."

బట్టలు ఉతికే ఆమె చెంబు తెచ్చి, ముందు బోయీ నోట్లో చుక్క చుక్కగా పోసింది. మూడోవాడు రెండోవాడి వీపు చూసి, నాలుగు పుళ్లున్నాయన్నాడు. నాలుగోవాడు మూడోవాడి పక్కటెముకలు లెక్కపెట్టాడు. అయిదోవాడు, ఆరోవాడు, ఏడోవాడు, ఎనిమిదోవాడు కూడా చూసింది చూసినట్టు చెప్పారు. ఒక్కడూ ఎక్కువ చెప్పలేదు. ఒక్కడూ తన గురించి చెప్పలేదు.

"ఇన్నాళ్లూ ఎవరూ ఏమీ అనలేదు కదయ్యా" అన్నాడు పరిచారకుడు. అతని గొంతులో నిజమైన ఆశ్చర్యం ఉంది. అధికారి తన వెంట వచ్చిన భటుణ్ని పిలిచి అతన్ని తీసుకుపొమ్మన్నాడు.

అప్పటికి ముందు బోయీ చెంబును తన చేత్తో పట్టుకున్నాడు. దాన్ని వదల్లేదు. అతను బతుకుతాడని అందరికీ అర్థమైంది.

మిగిలింది ఎనిమిదోవాడి సంగతి. అతని వెనక ఎవరూ లేరు.

"ఈయన భుజం ఎవరు చూసేవారు?" అని అధికారి అడిగాడు.

ఏడోవాడు చెప్పాడు. "పల్లకీ వెనక రాజోద్యోగి నడిచేవాడయ్యా. చూడడం ఆయన వంతు."

 అధికారి ఎనిమిదోవాడి వెనక మట్టిలో కూర్చుని, గుడ్డ తొలగించి చూశాడు.   మెడ నుంచి నడుము దాకా ఏమేం ఉన్నాయో అన్నీ చెప్పాడు.

అతను లేవబోయాడు. ఎవరూ చెప్పకుండానే బట్టలు ఉతికే ఆమె వచ్చి అతని వెనక కూర్చుంది. ముసలివాళ్లు ఆగారు. చివరివాడి సంగతి చెప్పేదాకా వరస లేవకూడదు. అధికారి కూడా ఆగాడు.

ఆమె అతని పట్టు ఉత్తరీయం పక్కకు జరిపి చూసింది.

"ఈ అయ్య భుజం నున్నగా ఉంది. బరువు మోసిన గీత ఒక్కటి కూడా లేదు" అంది.

ఆ మాట వరస వెంట ముందుకు పోయింది. ఎనిమిది మందిలో మెడ తిప్పగలిగినవాళ్లు వెనక్కి తిరిగి, తమలో అందరికంటే జబ్బుపడ్డవాణ్ని చూసినట్టు అతన్ని చూశారు. ముందు బోయీ తాను తాగుతున్న చెంబు ఆపి, వెనక్కి అందించాడు.

"ఆయనకివ్వండి" అన్నాడు.

చెంబు చేతులు మారుతూ అధికారి దగ్గరికి వచ్చింది. అందులో సగం నీళ్లున్నాయి. అతను దాన్ని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. తాగలేకపోయాడు, కింద పెట్టలేకపోయాడు.