కోయకుండా వదిలేసిన ఊపిరి

విశ్వపతి గారిని ప్రశ్న అడిగితే జవాబు దొరకదు, పని దొరుకుతుంది. పరాయి భాషల సినిమాలకు తెలుగులో గొంతిచ్చేవాళ్లు చాలామంది ఆయన దగ్గర తయారైనవాళ్లే. వాళ్లలో యశోధర్ ఒకనాడు అడిగాడు: "గురువుగారూ, పోయిన మనిషి గొంతును అచ్చుగుద్దినట్టు దింపితే, ఆ మనిషిని తిరిగి తెచ్చినట్టేనా?"

అడగడానికి కారణం ఉంది. ముసుగు వీరుడి సినిమాలు ఏళ్ల తరబడి వస్తున్నాయి, ఆ వేషం ఇప్పటికి ముగ్గురు నటులు వేశారు. కొత్త సినిమాలో ఆ ముగ్గురు వీరులూ ఒకే తెర మీద కలుస్తారు. మొదటి వీరుడికి తెలుగులో గొంతిచ్చిన మృత్యుంజయం గారు కిందటేడు పోయారు. ఈసారి ఆ గొంతును యశోధర్ అనుకరించాడు. స్టూడియోలో అందరూ భుజం తట్టారు గానీ, అతనికి మాత్రం మనసు నిలవడం లేదు. మొట్టమొదట మైకు ముందు నిలబడటం నేర్పింది మృత్యుంజయం గారే మరి.

"రేపు మ్యాట్నీకి మృత్యుంజయం భార్యను తీసుకురా" అన్నారు గురువుగారు.

శకుంతలమ్మ మంచి చీర కట్టుకుని, పెళ్లికి బయల్దేరినట్టు వచ్చింది. "ఫోనులో దాచుకున్నవి ఎప్పుడూ అవే మాటలు బాబూ. ఆయన నోట కొత్తమాట ఒక్కటి వినాలని ఉంది" అంది దారిలో.

హాల్లో కాగితం ముక్కలు ఎగిరాయి. కుర్ర వీరుడు వచ్చాడు, నడివయసు వీరుడు వచ్చాడు. ఆఖరున జుట్టు నెరిసిన మొదటి వీరుడు తలుపు తోసుకు రాగానే ఈలలతో చెవులు దిమ్మెక్కాయి. గొంతు అచ్చంగా అదే. శకుంతలమ్మ మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని, ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు కూర్చుంది. పక్కనున్న యశోధర్ తెరను వదిలి, అవతలి సీట్లో ఉన్న గురువుగారికేసి చూశాడు.

చివర్లో ముసలి వీరుడు కుర్రవాడి భుజం మీద చెయ్యి వేసి, గట్టిగా ఊపిరి తీసుకుని, "అన్నం తిన్నావా?" అన్నాడు. శకుంతలమ్మ కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది. ఆ తర్వాత సినిమా అయ్యేదాకా కళ్లు తుడుచుకుంటూనే ఉంది.

బయటికొచ్చాక అంది: "అంతా ఆయనలాగే ఉంది బాబూ. ఆ ఒక్కచోట మాత్రం ఆయనే వచ్చారు. ఇంట్లో ఏం మాట్లాడాలన్నా ముందు అలాగే ఊపిరి తీసుకునేవారు. సినిమాల్లో దాన్ని కోసేసేవాళ్లట. మీరు వెళ్లండి, నేను తర్వాత వస్తాను." అలా అని ఫస్ట్ షో టికెట్ల వరసలోకి వెళ్లి నిలబడింది.

యశోధర్ తలదించుకున్నాడు. "అది ఆయనది కాదు గురువుగారూ. అన్నం తిన్నావా అని ఆయన రోజూ నన్ను అడిగేవారు. అక్కడికొచ్చేసరికి అది గుర్తొచ్చి, ఊపిరి పీల్చుకుంటే గానీ మాట రాలేదు. మళ్లీ చెబుతానన్నాను, సౌండ్ ఇంజనీరు కోయకుండా అలాగే వదిలేద్దామన్నాడు. ఆ ఊపిరి నాది."

గురువుగారు వరసకేసి చూశారు. "అయితే వెళ్లి ఆవిడకు చెప్పిరా, అది నీదని" అన్నారు.