కోలా గింజలో సగం

చిన్న కథ పిల్లలూ. పొయ్యి మీద పాలు పొంగేలోపు అయిపోతుంది.

అనగనగా ఒక అడవి. నిజానికి రెండు. ఉత్తరాన గడ్డి అడవి, తూర్పున ఇగ్బో జనం పెండలం పండించుకునే చోట చెట్ల అడవి. సముద్రం దాటి వచ్చిన వేటగాళ్ళు రెంటికీ కలిపి ఒకే కంచె వేసి, "ఇక మీరంతా ఒక్కటే" అని ఓడెక్కి వెళ్ళిపోయారు. వాళ్ళకేం, చెప్పడం తేలిక.

తూర్పు గిజిగాళ్ళకి ఒకచోట కుదురు లేదు. ఒబియెజే అనే గిజిగాడికి సొంత ఊళ్ళో ఏటిగట్టున గూడుంది. అది చాలక ఉత్తరాన తుమ్మచెట్టుకి ఇంకోటి అల్లాడు. అంత మంచి గూడు లోకంలో లేదని రోజుకి ఇరవైసార్లు చెప్పేవాడు. వినేది చెట్టు కింది గిన్నెకోడి లాదీ. వినేది అన్నానా? అది ఎవరి మాటా వినదు, చెబుతూ ఉంటుంది.

ఇగ్బోల వైపు ఇంటికొచ్చినవాళ్ళకి ముందు కోలా గింజ విరిచి పెడతారు. పంచుకుని తిన్నవాళ్ళు ఒకరికొకరు చెడు తలపెట్టకూడదు. ఒబియెజే ఆ అలవాటు వెంట తెచ్చుకున్నాడు. రోజూ పొద్దున్నే లాదీకి సగం, తనకి సగం. ఎండుగడ్డి వాసన, చేదు గింజ, లాదీ సోది. ఎంత హాయైన రోజులో!

ఒకనాడు ఉత్తరాన్ని ఏలే సింహాన్ని చంపేశారు. చంపినవాళ్ళలో కొందరు గిజిగాళ్ళు. అంతే, ఉత్తరాదివాళ్ళు గిజిగాడన్న ప్రతివాడి మీదా పడ్డారు. గూళ్ళు చీల్చారు. ఒబియెజే పిల్లల తల్లి ఆ రోజే పోయింది.

"పిల్లల్ని తీసుకుని పారిపోరా తమ్ముడూ!" అంది లాదీ.

"మళ్ళీ రానేమో అక్కా."

"రాకపోతే నా తిట్లు ఎవడు తింటాడు? గూడు నేను చూస్తాలే." ఆ పూట గింజలో సగం అతని ముక్కున పెట్టింది. మిగతా సగం తను దాచుకుంది.

ముగ్గురు పిల్లలతో ఒబియెజే ఏటిగట్టుకి చేరాడు. తూర్పువాళ్ళు "మా అడవి మాకే" అని వేరుపడ్డారు. వాళ్ళ నేలలో నల్లనూనె ఊట ఉంది మరి, సరే పొమ్మని వదిలేదెవరు? యుద్ధం వచ్చింది. ఉత్తరాది గద్దలు తూర్పు అడవి చుట్టూ కాపలా కాసి, ఒక్క గింజ కూడా లోపలికి రానివ్వలేదు.

"మనమంతా ఒకే రెక్క అన్నా! గట్టు మీదికి గద్దలొస్తాయి, నువ్వు అడవి లోపలికి పో, నీ గూడు నేను కాస్తా" అంది ఏటిగట్టు లకుముకి పిట్ట. గుండె మీద రెక్క వేసుకుని మరీ అంది.

మొదటి ఏడు ఆకలికి పిల్లల ఈకలు ఎర్రబడ్డాయి. రెండో ఏడు పొట్టలు ఉబ్బాయి. మూడో ఏడు ఇద్దరు పోయారు. దాచిన సగం గింజ ఒబియెజే మిగిలిన పిల్లకి పెట్టేశాడు.

యుద్ధం ముగిసింది. గెలిచినవాళ్ళు లేరు, ఓడినవాళ్ళు లేరు అన్నారు. పోయినవాళ్ళు మాత్రం ఉన్నారు. ఒక్క పిల్లతో ఒబియెజే ఏటిగట్టుకి వచ్చాడు.

లకుముకి గూట్లోంచి తల బయటపెట్టింది. "ఎవరు బాబూ నువ్వు? ఇది మా తాతలనాటి గూడు."

ఇక మిగిలింది ఉత్తరమే. "పోకు, చంపేస్తారు" అన్నారందరూ. పిల్లకి తల దాచుకునే చోటు కావాలి, వెళ్ళాడు.

తుమ్మచెట్టుకి గూడు వేలాడుతోంది. చిరిగినచోటల్లా కోడి ఈకలు కుక్కి ఉన్నాయి. అంత వికారమైన గూడు ఒబియెజే పుట్టాక చూడలేదు.

"ఇంతసేపా రావడం?" అంది లాదీ. "నీ సగం ఏది?"

"పిల్లకి పెట్టేశానక్కా."

"మంచి పని చేశావు. నా సగం ఉంది."

ఎండి రాయిలా అయిన ఆ ముక్కని మూడు చేసింది. ముగ్గురూ తిన్నారు. చేదుగా ఉంది.

నీతి: కొందరు చేసిన తప్పుకి ఒక జాతినంతా శిక్షించకూడదు, మనవాళ్ళెవరో తెలియాలంటే, మనం లేనప్పుడు మన గూడు ఎవరు కాశారో చూడాలి.